నెమరు ఆగిన ఆవు

పేడ ఎత్తడానికి కొట్టంలోకి వెళ్లిన గీతాంజలి గంప కింద పెట్టేసింది. పేడ నీళ్లలా ఉంది, పుల్లటి వాసన కొడుతోంది. ఆవు నెమరు వేయకుండా తల వాల్చి పడుకుంది. తొట్టి అడుగున మొక్కజొన్న పిండి అంటుకుని ఉంది.

నిన్న సాయంత్రం ఆమె పెనుకొండకు మీటింగుకని వెళ్లినప్పుడు భర్త ఎర్రిస్వామి చేసిన పని ఇది. ఆవును కొనడానికి ధర్మవరం నుంచి బేరగాడు వచ్చేసరికి పొదుగు నిండుగా కనబడాలని అతని ఆశ. గడ్డి మీద బతికే ఆవుకు దాణా కొద్దికొద్దిగా అలవాటు చేయాలనీ, ఒక్కసారిగా పిండి పోస్తే కడుపులో పులుపు పెరిగి ప్రాణం మీదికి వస్తుందనీ హిందూపురంలో పశుపోషణ ట్రైనింగులో నేర్చుకుని వచ్చి అప్పట్లోనే చెప్పింది ఆమె. "మూడు దినాలు కుర్చీలో కూర్చోనొచ్చి డాక్టరమ్మ అయిపాయ," అని నవ్వాడతను. "ముందు మజ్జిగలో ఉప్పు సరిగ్గా ఎయ్యమను," అంది అత్త చౌడక్క. వాళ్లతో పాటు గీతాంజలి కూడా నవ్వింది. ఇప్పుడు అది గుర్తొచ్చి ఒళ్లు ముడుచుకుపోయింది.

ఫోన్ చేస్తే సోమందేపల్లి నుంచి డాక్టరు వచ్చాడు. "ఏం పెట్టినారు?" అనడిగాడు.

"ఆవు సంగతంతా మా ఇంటామె చూసుకుంటాది సార్," అన్నాడు ఎర్రిస్వామి.

"నేనే సార్, పిండి కొంచెం ఎక్కువేసినా." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఏది పోయినా, ఏది పగిలినా ఇలాగే తన మీద వేసుకుంటూ వచ్చింది.

"ట్రైనింగులో నేను చెప్తాంటే ముందు వరసలో కూర్చోని రాసుకున్నావు కదమ్మా," అన్నాడు డాక్టరు. గీతాంజలి తల ఎత్తలేకపోయింది. "ఎంతేసినావు? కొంచెమైతే తినే సోడా నీళ్లలో కలిపి తాపితే చాలు. ఎక్కువైతే ఇప్పుడే గొట్టమేసి కడుపు కడగాల."

"రెండు సేర్లు," అంది, నోటికొచ్చింది చెప్పి. ఆయన సోడా కలపడం మొదలుపెట్టాడు. ఆవు నొప్పికి పళ్లు నూరింది. ఆ చప్పుడు విని ఊరుకోలేకపోయింది ఆమె.

"సార్, అబద్ధం చెప్పినా. పెట్టింది నేను కాదు. ఎంత పెట్టినాడో ఆయప్పనే అడగండి."

ఎర్రిస్వామి గోడ వైపు చూస్తూ, "బకెట్ నిండా," అన్నాడు.

డాక్టరు సోడా పక్కన పెట్టి గొట్టం తీశాడు. కడుపు కడగడం మధ్యాహ్నం దాకా పట్టింది. మూడో రోజుకు ఆవు లేచి నెమరు వేసింది. ఎర్రిస్వామి మాత్రం ఆమెతో మాట్లాడటం మానేశాడు.

"బయటోళ్ల ముందర మగోని మర్యాద తీసేస్తివి కదమ్మే," అంది చౌడక్క.

తప్పయింది అనబోయింది గీతాంజలి. ఆ మాట పెదవుల దాకా వచ్చేసింది కూడా.

"అవునత్తా," అంది. "తీసినా."