నూనె పెట్టే మనిషి

గురువారం పొద్దున పదిన్నరకి కోట మాస్టారి చేతిలో ఒక ఖైదీ, ఒక తాళం, ఐదున్నర గంటల టైము ఉన్నాయి. తాళంచెవి మాత్రం లేదు. దాన్ని కిందటివారం ఆయనే నదిలో పారేయించారు.

కోటల గురించి తప్ప ఇంకేమీ రాయరు కాబట్టి పత్రికాఫీసులో ఆయనకి ఆ పేరు పడింది. ముప్ఫై రెండేళ్లుగా వారం వారం చారిత్రక సీరియళ్లు. పాఠకుడికి ఊపిరాడని చోట ఆ వారం కథ ఆపడం ఆయనకి కొట్టిన పిండి. ఈసారి మాత్రం బిగింపు కాస్త ఎక్కువైంది. సేనాపతిని నది ఒడ్డున నేలమాళిగలోకి నెట్టారు. తలుపుకి ఇరవై ఏళ్లనాటి తాళం. దానికి మూడు రంధ్రాలు, అందులో రెండు ఉత్తవి. తప్పు రంధ్రంలో పుల్ల దూర్చినా లోపల ఇంకో గడియ పడుతుంది. రాజు తన చేత్తో తాళం వేసి, చెవిని నదిలోకి విసిరేశాడు. సేనాపతి ఎలా బయటపడతాడో రాజుకే కాదు, మాస్టారికీ తెలియదు.

సంపాదకురాలు ఫోన్ చేసింది.

"నాలుగింటికి పేజీలు ప్రెస్సుకి వెళ్లిపోవాలి మాస్టారూ. రాలేదనుకోండి, సేనాపతి లోపలే పోయాడని రెండు ముక్కలు రాయించి, 'సమాప్తం' వేసేస్తాను. మీ రెండు పేజీల కోసం వెన్నునొప్పి వ్యాయామాలావిడ కాచుక్కూర్చుంది."

"పాఠకులు ఊరుకుంటారా?"

"నడుం నొప్పి ఉన్నవాళ్లు ఊరుకుంటారు."

ఆవిడ ఉత్తుత్తి బెదిరింపులు చెయ్యదు. మాస్టారు బల్లమీద ఉత్తరాల కట్ట ముందేసుకున్నారు. అందులో ఒక కార్డు. "అయ్యా, మీరు రాసినటువంటి తాళం మా షాపులో ఉంది. అది తెరుచుకోదు. మీ సేనాపతి బెంగతో మా ఆవిడ సరిగ్గా తిండి తినడం లేదు. ఇట్లు, తాళాలు బాగుచేసేవాడు." కింద చిరునామా ఉంది. రెండు వీధుల అవతల.

షాపంటే ఒక మేడమెట్ల కింద గది. గోడనిండా ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు. తాళాలాయన బల్లకి బిగించిన చెవిని ఆకురాయితో అరగదీస్తున్నాడు. పక్కన స్టూలుమీద ఆయన భార్య పత్రిక పట్టుకుని కూర్చుంది. మాస్టారు తానెవరో చెప్పారు.

"ఏమండీ, సేనాపతిని మింగేసినాయన వచ్చారు," అంది ఆవిడ.

తాళాలాయన మేకుకి వేలాడుతున్న తాళాన్ని తీసి బల్లమీద పెట్టాడు. కొబ్బరికాయంత ఉంది. మూడు రంధ్రాలు.

"తలపిన్నుతో?" అన్నారు మాస్టారు.

"పిన్ను పోతుంది."

"ఆమ్లం పోస్తే?"

"వేళ్లు పోతాయి."

"తాళాన్ని వదిలేసి గోడ తవ్వితే?"

"ఏడడుగుల మందమని మీరే రాశారుగా," అంది భార్య. "అంత మందం ఎందుకు రాశారండీ? రెండడుగులు సరిపోదూ?"

మాస్టారి దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. అచ్చయిన ప్రతి సంగతీ అందులో ఎక్కుతుంది. అచ్చయింది దేవుడొచ్చినా మారదు. ఏడడుగులే.

తాళాలాయన ఆకురాయి పక్కనపెట్టాడు. "నాదో అనుమానం. నది ఒడ్డున ఆ తాళం ఇరవై ఏళ్లు ఎలా పనిచేసింది?"

"మంచి ఇనుము."

"ఎంత మంచిదైనా రెండు వానాకాలాలు. తర్వాత తుప్పట్టి కూర్చుంటుంది. నెలనెలా ఎవడో నూనె పెట్టుండాలి. పెట్టాలంటే తాళం తియ్యాలి. తియ్యాలంటే చెవి కావాలి. అదెక్కడుండేది?"

"కొండమీద, రాజు పడకగదిలో."

"మెట్లెన్ని?"

మాస్టారు నోటుబుక్కు చూశారు. "ఎనిమిది వందల నలభై."

"ఇంకేం? వాడు రెండోది చేసుకునుంటాడు."

"అది రాజద్రోహమయ్యా! దొరికితే తల పోతుంది."

"అది దొరికితే కదండీ. మోకాళ్లు నెలనెలా పోతాయి." తాళాలాయన నవ్వలేదు. "నలభై ఏళ్ల నుంచి చూస్తున్నా. చెవి ఒక్కటే ఉందని పై అధికారి చెప్పని ఆఫీసు లేదు. రెండోది ఊడ్చే ఆవిడ కొంగున ఉంటుంది."

మాస్టారి ముఖం వెలిగి, వెంటనే ఆరిపోయింది. పదకొండో వారంలో 'రెండో తాళంచెవి ఈ భూమ్మీద లేదు' అని వచ్చిన గుర్తు. గబగబా పేజీలు తిప్పారు. వాక్యం దొరికింది. దాని చివర 'అన్నాడు రాజు' అని ఉంది.

"అన్నది రాజు. మీరు కాదు," అంది భార్య పత్రికతో విసురుకుంటూ. "ఆయనకేం తెలుసు?"

అప్పటికి పన్నెండున్నర. మాస్టారు కలం తీశారు. "అయితే ఆ నూనె పెట్టేవాడు నిజానికి మారువేషంలో ఉన్న యువరాజు..."

తాళాలాయన నూనెడబ్బా, తాళం ఆయన ముందుకి తోశాడు. మాస్టారు డబ్బా వంచారు. నూనె రంధ్రాల్లో నిండి, బల్లమీదుగా కారి, ఆవిడ ఒళ్లో ఉన్న పత్రికలో సేనాపతి బొమ్మ మీద పడింది.

"మీ యువరాజూ ఇలాగే పోస్తాడు," అన్నాడు తాళాలాయన. "ఎక్కువైతే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. మూడు చుక్కలు, అంతే."

యువరాజుని కొట్టేసి, మాస్టారు ఆ బల్లమీదే రాయడం మొదలుపెట్టారు. నూనె పెట్టే ముసలాయన ఎప్పటిలాగే పౌర్ణమి మర్నాడు మోకాళ్లనొప్పులతో వచ్చాడు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనిషే కాబట్టి కాపలావాళ్లు తలెత్తలేదు. లోపల ఎవరున్నారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. మొలలోంచి తన తాళంచెవి తీశాడు, తలుపు తీశాడు, ఎదురుగా సేనాపతి. ముసలాయన ముందు తాళానికి మూడు చుక్కలు పెట్టాడు. ఆ తర్వాత నూనెకుండ సేనాపతి నెత్తిన పెట్టి, తలొంచుకుని తన వెనకే నడవమన్నాడు.

మూడూ నలభైకి మాస్టారు పేజీలు ఫోటోలు తీసి పంపారు. పది నిమిషాల్లో సంపాదకురాలు లైన్లోకొచ్చింది.

"ఈ మోకాళ్లనొప్పులాయన ఎవరు మాస్టారూ? పాత్రల జాబితాలో లేడే!"

"ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడమ్మా."

"సరే, పేజీలు వెళ్తున్నాయి. వ్యాయామాలావిడకి నేనే ఏదో సర్దిచెప్తాలెండి. బొమ్మలాయన అడుగుతున్నాడు, మీసాలుంటాయా?"

మాస్టారు తాళాలాయనకేసి చూశారు. "ఉండవు. గోళ్లు నల్లగా ఉంటాయి."

ఆయన ఫోను పెట్టేసి, నోటుబుక్కు మూసి లేచారు. భార్య కదల్లేదు. "ఇంతకీ ఎక్కడ ఆపారు?"

"మర్నాడు రాజు తలుపు తీయించబోతే తాళం కొత్త నూనెతో మెరుస్తూ కిందపడి ఉంటుంది. దానికి నూనె పెట్టేదెవడని అడుగుతాడు."

ఆవిడ పత్రిక మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ ముసలాయన ఒంటిమీద దెబ్బ పడిందో... మీ ఇంటి తాళంచెవి పోయిన రోజున మా షాపు మూసుంటుంది మాస్టారూ. ముందే చెప్తున్నా."

"ఇది అన్నంత పనీ చేస్తుందండీ," అన్నాడు తాళాలాయన, ఆకురాయి అందుకుంటూ.

వీధిలోకొచ్చాక మాస్టారు జేబు తడిమి చూసుకున్నారు. తాళంచెవి ఉంది. ఒక్కటే.