గాలి మారే వారం

పన్నెండు కాకముందే నీళ్ళు వేడెక్కాయి. నడుములోతు సముద్రంలో నిలబడి తెప్ప తాడు పైకెత్తిన పెద్దకోడలికి ముందు తెలిసింది ఆ వేడే. తెలుపు తర్వాత కనబడింది. తాడుకి కట్టి పెంచుతున్న నాచు కొమ్మ కణుపు దగ్గర, గోరంత మేర, సున్నం పూసినట్టు ఉంది. వేలితో తాకిందో లేదో కొమ్మ పుటుక్కున విరిగి నీళ్ళలో పడింది.

పక్క కొమ్మకీ ఉంది. తాడు చివరిదాకా తడుముకుంటూ పోయింది. ఇరవై నాచు పిలకల్లో తొమ్మిదింటికి తెలుపు తగిలింది. తెప్పకి ఇరవై తాళ్ళు. వాళ్ళవి నాలుగు తెప్పలు.

"అక్కా, నీ వైపు కూడానా?" అవతలి తెప్ప దగ్గర్నుంచి చిన్నకోడలు కేకేసింది.

"ఊఁ."

"ఎండకి మనం నల్లబడుతుంటే ఇది తెల్లబడుతోంది చూడు. ఏం రాసుకుంటోందో అడిగి నాక్కూడా కాస్త తెచ్చిపెట్టు."

పెద్దకోడలు నవ్వలేదు. ఆ మాట అన్న చిన్నకోడలికీ నవ్వు రాలేదు. ఆమె నోరు అంతే, ఇల్లు కాలుతున్నా ఓ చలోక్తి విసరందే ఊరుకోదు.

అన్నదమ్ముల పెళ్ళాలు వాళ్ళిద్దరూ. తమ్ముడు దూరపు రేవులో పడవ కూలికి పోయాడు, వానలయ్యాక గాని రాడు. అన్న కిందటేడు సరిగ్గా ఈ రోజుల్లోనే చనిపోయాడు. ఇంట్లో మంచం దిగలేని అత్త, పెద్దకోడలి ఇద్దరు ఆడపిల్లలు. నాలుగు తెప్పల మీద అయిదు నోళ్ళు.

చలి నెలల్లో నాచుకి తిరుగుండదు. నీరు చల్లగా కదులుతూ ఉంటే గుప్పెడు పిలక నలభై అయిదు రోజుల్లో బుట్టెడవుతుంది. ఎండలు ముదిరాక ఒడ్డు దగ్గర నీరు కదలడం మానేసి, పొయ్యి మీద గిన్నెలోలా కాగుతుంది. అప్పుడీ తెల్లజబ్బు. ఆ తర్వాత గాలి మారుతుంది. గాలి వెనకే వానలు. వాన నీరు కలిసి సముద్రంలో ఉప్పు తగ్గిందంటే మిగిలిన నాచు కూడా చివికి వేళ్ళ మధ్యనుంచి జారిపోతుంది. ఇక రెండు నెలలు పని ఉండదు. ఎండకీ వానకీ నడుమ గాలి మారే ఆ వారం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వారం అనడమే గాని, ఒక్కోసారి ఒక్క పూటలోనే అంతా అయిపోతుంది.

పెద్దకోడలు తలెత్తి, అలలకి అడ్డంగా ఉన్న రాతిగట్టు వైపు చూసింది. ఒడ్డున ఆకు కూడా కదలడం లేదు. అయినా గట్టుకవతల సముద్రం మెల్లగా, వెడల్పుగా ఉబ్బి దిగుతోంది. గాలి లేని ఉబ్బు. ఎక్కడో దూరాన పుట్టిన గాలి ముందుగా పంపే కబురు అది.

ఒడ్డు మీద ఈల మోగింది.

షెడ్డు ముందు నాచు కంపెనీ ఏజెంటు నిలబడి ఉన్నాడు. ఎండబెట్టిన నాచు కాటా వేసి కొనేది అతనే కాబట్టి అందరూ కాటా బాబు అంటారు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఒక చేతిలో ఫోను. దాన్ని చూసినప్పుడల్లా అతని కనుబొమలు ముడిపడుతున్నాయి.

"అందరి తెప్పలకీ తెలుపు తగిలింది, చూసొచ్చాను" అన్నాడు. "ఇంకో నాలుగు రోజులు ఇక్కడే ఉంచితే నాచూ ఉండదు, విత్తూ ఉండదు. మంచి సరుకు కిలో డెబ్భై. తెల్లబడ్డదాన్ని పదిహేనుకి కూడా తీసుకోరు. గట్టు అవతల లోతులో నీళ్ళు చల్లగా ఉంటాయి. ఈ మధ్యాహ్నమే తెప్పలన్నీ అక్కడికి లాగించేద్దాం. ఇంజను పడవ మాట్లాడాను. గట్టు సందులో రాళ్ళకి కొట్టుకోకుండా తెప్పకొకరు గడకర్ర పట్టుకుని ఎక్కండి."

పద్నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో ఈత బాగా వచ్చినవాళ్ళు ముగ్గురు.

పెద్దకోడలు పడవవాడి దగ్గరికి నడిచింది. అందరికీ ఇంజను మామ అతను.

"మామా, ఆ ఉబ్బు చూశావా?"

ముసలాయన కాలి బొటనవేలితో ఇసక గీశాడు. "చూశానమ్మా."

"మరి చెప్పవేం?"

"చూసినవన్నీ చెప్పుకుంటూ పోతే రేపట్నుంచి నన్ను బాడుగకి పిలిచేదెవరు?"

ఈలోగా చిన్నకోడలు కొంగు నడుముకి దోపుకుని గడకర్ర అందుకుంది. "అక్కా, నువ్వు ఒడ్డునే ఉండు. నాలుగు తెప్పలూ నాలుగు సార్లు నేనే దాటిస్తా. నాలుగు గంటల పని."

ఆమెకి ఈత రాదు. చిన్నప్పుడు చెరువులో కుక్కలా కొట్టుకునేదాన్నని తనే చెప్పుకుని నవ్వుతుంటుంది.

ఆ గడకర్ర చూడగానే పెద్దకోడలికి మొగుడు గుర్తొచ్చాడు. కిందటేడు కూడా ఇలాగే ఎండ. ఇలాగే తెలుపు. ఇలాగే లోతుకి పొమ్మన్నారు. మొగుడు గుమ్మంలో కూర్చుని చాలాసేపు సముద్రం చూశాడు. "ఈ రోజు వద్దేమోనే" అన్నాడు. అప్పుడు తను ఏమందో ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. ఆయన లేచాడు, వెళ్ళాడు. గట్టు దాటాక గాలి మీద పడింది. లంగరు తాడు కాలికి చుట్టుకుంది. మూడో రోజు దొరికాడు.

ఆ తర్వాత కంపెనీ నుంచి ఒకడు వచ్చి తెప్ప నెంబరు రాసుకుని ఫోటో తీసుకున్నాడు. తెప్పకి ఇన్సూరెన్స్ ఉందట. మనిషి సంగతి అడిగితే, 'ఆయన తన ఇష్టంతో ఎక్కాడు కదా' అన్నారు.

"కర్ర కింద పెట్టు" అంది పెద్దకోడలు.

"ఏంటక్కా?"

"పెట్టు." ఆమె వచ్చి కర్ర రెండో కొస పట్టుకుంది. చిన్నకోడలు లాగినా వదల్లేదు. అందరూ చూశారు.

కాటా బాబు నిట్టూర్చాడు. "పాపం, మొగుడు పోయిన మనిషి. ఆమె భయం ఆమెది. మీరు రండమ్మా, పొద్దు పోతోంది."

"భయమే బాబూ" అంది పెద్దకోడలు. "నాకు భయమే. ఆయనకీ భయమేసింది ఆ రోజు. వద్దేమోనే అన్నాడు. 'అందరి మొగుళ్ళూ పోతుంటే నువ్వొక్కడివే గాజులు తొడుక్కుని కూర్చుంటావా' అన్నాను. నేనే అన్నాను. ఆ మాట పడలేక పోయాడు. సముద్రం చంపిందని మీరందరూ నన్ను ఓదార్చారు. నేను నోరు మూసుకుని ఓదార్పించుకున్నాను."

ఆమె చిన్నకోడలి వైపు చూడలేకపోయింది.

"ఇంకోసారి ఎవరినీ పంపను" అంది. "కాదు, పోవలసిందే అంటావా, ఒక పని చెయ్యి. ఫలానా రోజు, ఫలానా వేళ, లోతుకి వెళ్ళమన్నది నేనేనని కాగితం మీద రాసి సంతకం పెట్టు. అప్పుడు అందరికన్నా ముందు నేనెక్కుతాను."

కాటా బాబు మొహం మారింది. "కాగితాలెందుకమ్మా? నేనెవర్ని బలవంతం చేశాను? ఎవరి ఇష్టం వాళ్ళది."

"ఎవరి ఇష్టం వాళ్ళదేనా?"

"అంతేగా మరి!"

"అయితే ఇది మా ఇష్టం. మేము పోము."

మొదట చప్పుడు చేసింది ఇంజను మామ. పడవలోకి వంగి, ఇంజను తిప్పడానికి సిద్ధంగా పెట్టుకున్న హ్యాండిల్ తీసి పలక మీద పెట్టాడు. తర్వాత ఓ ముసలామె గడకర్ర ఇసకలో పడేసింది. ఆ వెనక ఇంకొకామె. నలుగురైదుగురు మాత్రం కర్రలు వదల్లేదు, అలాగని అడుగూ వెయ్యలేదు.

"మీ ఇష్టం" అన్నాడు కాటా బాబు. కోపం కన్నా కంగారే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "వానలయ్యాక విత్తు పిలకల కోసం నా దగ్గరికే వస్తారుగా. అప్పుడు చూద్దాం ఎవరిష్టం ఏమిటో." ఫోను చెవికి పెట్టుకుని షెడ్డు వెనక్కి పోయాడు. "సార్, సార్, అది కాదు సార్" అనడం కాసేపు వినబడింది.

గాలి రాలేదు.

రెండయింది, నాలుగయింది. సముద్రం నూనె పోసినట్టు మెరుస్తూ పడుంది. ఆడవాళ్ళు మళ్ళీ నీళ్ళలోకి దిగి, తెల్లబడిన కొమ్మలు తుంచి పారేస్తూ, ఇంకా పచ్చగా ఉన్న ముక్కల్ని విడిగా కట్టసాగారు. విత్తుకైనా మిగులుతాయని ఆశ. కర్ర వదలనివాళ్ళలో ఒకామె పక్కగా పోతూ, "ఏదమ్మా నీ గాలి? ఇప్పటికి పోయి తిరిగొచ్చేసే వాళ్ళం" అంది.

పెద్దకోడలు గట్టు వైపు చూసింది. ఇన్నాళ్ళూ గాలి వస్తుందేమోనని భయపడింది. ఇప్పుడు రాదేమోనని భయం పట్టుకుంది. పద్నాలుగు ఇళ్ళ కూడు తన మాట మీద కుళ్ళుతోంది. తనే తప్పైతే?

చిన్నకోడలు పక్కనే తెల్ల కొమ్మలు తుంచుతోంది.

"ఆ మాట నువ్వు అన్నావని నాకు తెలుసక్కా" అంది తల ఎత్తకుండా. "ఆ పొద్దున నేను గోడకవతల గిన్నెలు తోముతున్నా."

పెద్దకోడలి చేతిలో పిలక జారిపోయింది. "ఏడాది నుంచీ తెలుసా? ఒక్కసారీ అడగలేదేమే?"

"అడిగితే ఏం చెప్తావు? నువ్వే చెప్పాలి." తెల్ల కొమ్మ ఒకటి తుంచి పారేసి అంది, "మీ మరిదికి మాత్రం నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పుకో."

"ఊఁ."

"రేపు కూడా గాలి రాకపోతే?"

"రేపు కూడా పోవద్దంటాను."

"ఎల్లుండి?"

పెద్దకోడలు మిగిలిన పచ్చని పిలకని తాడులో దూర్చి ముడి వెయ్యబోయింది. తడి తాడు మీద ముడి పడలేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. చిన్నకోడలు దగ్గరికి జరిగి తాడు రెండో కొస పట్టుకుంది.

"బిగించు" అంది.