నిర్మలమ్మ గడియారం ప్రకారం

ఫ్యాన్ ఆపి, కుక్కర్ దించి, కోడిని గంప కింద మూసి, బొంత నెత్తి మీద కప్పుకుంటే తప్ప నా గొంతు అమ్ముడుపోదు. మా ఆయన కమాల్ బాషాకు జమ్మలమడుగులో మైకు ఆటో ఉంది. ప్రొద్దుటూరు చీరల అంగడిలో ఆషాఢం తగ్గింపు అన్నా, పులివెందులలో కొత్త స్కూలు తెరిచారన్నా ఆ ఆటోనే ఊరూరా తిరిగి చెబుతుంది. చెప్పే గొంతు నాది, ఇంట్లో ఫోనులో రికార్డు చేసినది. బొంత కప్పుకోకపోతే వీధిలో కుక్కలు, పక్కింటి టీవీ, మా అత్త దగ్గు అన్నీ చీరల మధ్యలోకి దూరతాయి. మే నెలలోనైనా సరే, ఆ బొంత కింద చెమటలు కక్కుకుంటూ, ముఖాన నవ్వు పెట్టుకుని, "రండి అక్కయ్యలారా, రండి చెల్లెమ్మలారా" అనాలి. నవ్వకుండా చెబితే వినేవాళ్లకు తెలిసిపోతుందని ఆయన గట్టి నమ్మకం.

ఆ బొంత మా మామ కుట్టింది. ఆయన పోయి మూడేండ్లయింది. జమ్మలమడుగులో సగం ఇండ్లలో ఇప్పటికీ ఆయన పరుపుల మీదే పడుకుంటారని, పరుపుల దస్తగిరి అంటే తెలియనివాడు లేడని మా ఆయన చెప్పుకుంటాడు. అబద్ధమేమీ కాదు. ఆయన పోయినప్పుడు ఆటో రెండు రోజులు తిరిగింది. "వేలాది మందికి సుఖనిద్ర ప్రసాదించిన మహనీయుడు" అని మా ఆయనే రాసి, మా ఆయనే చదివి, మా ఆయనే ఏడ్చాడు.

నా గొంతు వీధివీధికీ తెలుసు గానీ అది నాదని ఎవరికీ తెలియదు. ఒకసారి కూరగాయల బండి దగ్గర వంకాయలు బేరం చేస్తుంటే ఆ మనిషి చెవి రిక్కించి, "యాడనో విన్నట్టుండాదే నీ గొంతు" అన్నాడు. ఒక వంకాయ ఎక్కువేస్తాడేమోనని ఆశపడ్డాను. వేయలేదు. మా ఆయనను ఎవరైనా "మీ ఇంటామె ఏం చేస్తాది?" అని అడిగితే, "ఏం చేస్తాదప్పా, ఇంట్లోనే ఉంటాది" అంటాడు. ఆ మాట బయట వరండాలో అంటున్నప్పుడు లోపల బొంత కింద నేను స్కూలు ఫీజుల తగ్గింపు గురించి మూడోసారి చెబుతూ ఉంటాను.

చావు వార్త మాత్రం నాకివ్వడు. అది మగగొంతుతో చెప్పాలట. ఆడదాని గొంతుతో చావు చెబితే ఆ చావు ఇంటిదాకా నడిచొస్తుందని మా అత్త ఖాతూన్‌బీ మాట. మా ఇండ్లలో ఇలాంటివి ఎవరు ముందు అన్నారో తెలియదు, అందరూ అంటారు. సరే, ఆయనే చెప్పుకోనీ అనుకున్నాను, ఒక పని తగ్గింది కదా అని. కానీ వినీ వినీ నాకు ఒకటి అర్థమైంది. మగవాడు పోతే మాజీ వార్డు మెంబరు, దాత, మృదుస్వభావి, వాలీబాల్ ఆటగాడు, ఇంకా నాలుగు ఉంటాయి. ఆడమనిషి పోతే ఫలానావారి ధర్మపత్ని. మొగుడు ముందే పోయి ఉంటే కీర్తిశేషులు ఫలానావారి ధర్మపత్ని. ఆ ముక్కలన్నీ ఆయన ఫోనులో ముందే చెప్పి దాచుకున్నాడు. ఎవరైనా ఆడమనిషి పోగానే మొగుడి పేరొకటి, ఊరిపేరొకటి అతికించి ఆటో తోలుకుని పోతాడు. అయిదు నిమిషాల పని.

మొన్న ఆగస్టులో ఒక పొద్దున మా పుట్టింటి పల్లె నుంచి ఫోనొచ్చింది. నిర్మలమ్మ పోయిందని, మట్టి సాయంత్రం నాలుగింటికని, ఆమె చెల్లెలి కొడుకు చెప్పాడు. నేను పొయ్యి దగ్గర కూలబడ్డాను. మా ఆయన ఫోను తీసుకుని, ఆమె పేరేంది, మొగుడి పేరేంది అని అడిగి, ముక్కలు అతికించుకుని, ఎనిమిదింటికల్లా ముద్దనూరు దారి పట్టాడు. నా ఏడుపు ఇంకా మొదటి చెంగులోనే ఉంది.

తొమ్మిదిన్నరకు తిరిగొచ్చాడు. ఆటో సందులో దాచి, తలుపు గడియ వేశాడు.

జరిగింది ఇదీ. నిర్మలమ్మ మొగుడు ఓబయ్య ముప్పై ఆరేండ్ల కిందట ఎద్దులకు పలుపులు కొనుక్కొస్తానని ప్రొద్దుటూరు పోయినవాడు మళ్లీ రాలేదు. అక్కడే ఇంకో పెండ్లి చేసుకుని సోడాల అంగడి పెట్టుకున్నాడని మా పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. మా ఆయనకు తెలియదు. ముసలామె ఇన్నేండ్లు ఒక్కతే బతికిందంటే మొగుడు పోయే ఉంటాడని కీర్తిశేషులు ముక్క అతికించాడు. ఎవడో దాన్ని ఫోనులో పట్టి ప్రొద్దుటూరుకు పంపాడు. అరగంటలో ఓబయ్య రెండో భార్య తరఫు బంధువులు పూలదండతో సోడాల అంగడికొచ్చారు. ఓబయ్య సోడా కొడుతున్నాడు.

ఇక ఫోన్లు. "నేను బతికే ఉండాను రా. నీ మైకు పగలగొట్టకుంటే నా పేరు ఓబయ్య కాదు" అని ఆయన అరుస్తుంటే, ఫోను ఆమడ దూరంలో పెట్టినా నాకు వినిపించింది. దుఃఖంలో ఉన్నదాన్ని, అయినా నవ్వొచ్చింది. నిర్మలమ్మ ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

మా ఆయన నవ్వలేదు. కాగితం తీసుకుని సవరణ రాసి నాకు వినిపించాడు. "ఉదయం జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాము. ప్రొద్దుటూరు సోడా వ్యాపారి శ్రీ ఓబయ్య గారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సమేతంగా సుఖంగా ఉన్నారు. వారి మొదటి భార్య అంత్యక్రియలు సాయంత్రం నాలుగు గంటలకు." ఇంతే. నిర్మలమ్మ పేరు కూడా పోయింది.

ఆమె ఎవరో ఈయనకు తెలియదు గానీ నాకు తెలుసు. ఆమె మా పల్లెలో ఆడకూలీల ముఠాకు పెద్ద. శనగ కోతకైనా, పత్తి తీతకైనా ఇరవై మందిని వెంటేసుకుని పోయేది. సంగటిలోకి ఊరిబిండి లేదంటే చేలోకి దిగేది కాదు, అందరినీ తీసుకుని గట్టు మీద కూర్చునేది. తిట్టేది కాదు, అరిచేది కాదు. ఊరికే కూర్చునేది. ఎంతటి రైతైనా గంటసేపు చూసి, ఇంటికి మనిషిని పంపి చెనిక్కాయలు వేయించి ఆ పచ్చడి నూరించేవాడు. ఆమె చేతికి మగవాళ్ల గడియారం ఒకటి ఉండేది. ఓబయ్య పోతూ పోతూ మేకుకు తగిలించి మరిచిపోయినది. పట్టీ వదులైతే ఇంకో బెజ్జం పొడిపించి పెట్టుకుంది. అందులో నాలుగు కాగానే కొడవలి కింద పెట్టేది. "నీ గడియారం పరిగెత్తుతాంది మే" అని రైతులు సణిగేవాళ్లు. "మీది నిద్రపోతాందేమో చూసుకో అప్పా" అనేది.

నేను అయిదో తరగతిలో ఉండగా ఆ గడియారాన్ని బడి గడియారంతో పోల్చి చూశాను. సరిగ్గా పది నిమిషాలు ముందుంది. చెడిపోయిందని పరిగెత్తుకుంటూ పోయి చెబితే, ఆమె నా చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నేనే తిప్పి పెట్టినా. నువ్వు పుట్టినప్పుడు మీ యమ్మ, రొమ్ముల్లో పాలు గడ్డ కట్టి, ఏడుస్తా కోత కోసేది. ఆ పది నిమిషాలు నీ పాలకు. నేను పొయ్యేదాకా ఎవురికీ చెప్పబాక" అంది. ఇరవై నాలుగేండ్లు చెప్పలేదు. ఇప్పుడు ఆమె పోయింది. నేను చెప్పాలి.

"ఈ తూరి నేను చెప్తా" అన్నాను మా ఆయనతో.

ఆయన కాగితం మీదనుంచి తలెత్తలేదు. చావు వార్త ఆడవాళ్లు చెప్పేది కాదని, పోయి అన్నం వండమని, ఆ తర్వాత చీరల అంగడిది కొత్తది రికార్డు చేసిపెట్టమని, సాయంత్రానికి వాళ్లకు కావాలని అన్నాడు. నేను పోలేదు. గడప దాటి వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాను. గట్టు మీద కూర్చున్నట్టే. పది నిమిషాలకు బయటికొచ్చి, ఏంది కూర్చున్నావన్నాడు. ఊరికే అన్నాను. ఇంకో పది నిమిషాలకొచ్చి, చీరల సంగతేందన్నాడు. నీ గొంతుతో చెప్పుకో, రండి అక్కయ్యలారా అను, నవ్వుతా అను అన్నాను. ఆయన నిజంగానే లోపలికి పోయి ప్రయత్నించాడు. పాపం, చీరలు కూడా చచ్చిపోయినట్టే వినిపించింది.

చివరికి వరండాలో ఆకు నములుతున్న అత్త దగ్గర పంచాయితీ పెట్టాడు. చూడు మా, చావు చెబుతానంటాంది అన్నాడు. అత్త నన్ను చూసింది, కొడుకును చూసింది, ఉమ్మేసి వచ్చి నోరు తుడుచుకుంది.

"నువ్వు బతికినోన్ని చంపినావు. ఆయమ్మి చచ్చినదాన్ని గురించి చెప్తానంటాంది. ఇంతకన్నా చెడిపొయ్యేదేముండాది, చెప్పనీ."

నేను బొంత కింద దూరాను. ఆ రోజు ముఖాన నవ్వు పెట్టుకోలేదు. ఏడుపూ పెట్టుకోలేదు. పక్కన ఉన్న మనిషితో చెప్పినట్టు చెప్పాను.

"అందరికీ చెప్పేదేమంటే, నిర్మలమ్మ ఈ పొద్దు తెల్లారుజామున కన్ను మూసింది. ముప్పై అయిదేండ్లు ఆడోళ్ల ముఠాకు పెద్ద. మీరు తిన్న శనగల్లో, మీరమ్మిన పత్తిలో ఆమె చేతులుండాయి. ఊరిబిండి లేందే చేలో దిగనన్న మనిషి. నాలుక్కాగానే అందరినీ ఇంటికి తోలిన మనిషి. ఆమె గడియారం పది నిమిషాలు ముందుండేది. చెడిపోయి కాదు, ఆమె తిప్పి పెట్టిందే. చంటిబిడ్డల తల్లులు ఇంటికి పొయ్యేదానికి. అట్ల పాలు తాగిన బిడ్డల్లో నేనొకదాన్ని. మట్టి ఈ పొద్దు నాలుగు గంటలకు, నిర్మలమ్మ గడియారం ప్రకారం. చెప్పింది మాబున్ని."

ఓబయ్య బతికున్నాడనీ చెప్పలేదు, చచ్చాడనీ చెప్పలేదు. ఆ మనిషి ప్రస్తావన ఎక్కడా అవసరం పడలేదు. మా ఆయన విని, నీ పేరెందుకు అన్నాడు. నువ్వు కమాల్ బాషా మైక్ సెట్ అని చెప్పుకోవడం లేదా అన్నాను. ఆటో తాళం తీసుకున్నాడు. నేనూ ఎక్కి కూర్చున్నాను.

నా గొంతును బొంత బయట, నలుగురి మధ్య నేను వినడం అదే మొదటిసారి. పల్లెలోకి పోయేసరికి పత్తి చేలో ఆడవాళ్లు నడుములెత్తి నిలబడ్డారు. పది నిమిషాల మాట రాగానే ఒకామె నోరు మూసుకుని నవ్వడం, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేయడం చూశాను. రచ్చబండ దగ్గర గురురాజారావు కూర్చుని ఉన్నాడు. పల్లెలో పెద్ద రైతు, ముప్పై ఎకరాల ఆసామి. "ముప్పై ఏండ్లు మోసం చేసింది గదరా నన్ను, దినానికి పది నిమిషాలు" అని వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, తువ్వాలుతో కండ్లు తుడుచుకున్నాడు. కోడలిని పిలిచి, ఊరిబిండి నూరమని, నిర్మలమ్మ పక్కన పెట్టాలని చెప్పాడు.

నాలుగుకు పది నిమిషాలుండగా పల్లె మొత్తం వచ్చింది. ఎవరూ ఎవరినీ టైమెంతని అడగలేదు. ముఠా ఆడవాళ్లు పని దిగి కొడవళ్లతో సహా వచ్చారు. గడియారం ఆమె చేతికే ఉంచారు. దాంట్లో నాలుగు కాగానే పాడె లేచింది.

బతికే ఉన్నానని పదిమందికీ చూపించుకోవడానికి ఓబయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రొద్దుటూరు నుంచి వచ్చాడు. సరిగ్గా నాలుగింటికి. వాకిలి ఖాళీ. అరుగు మీద ఒక గుడ్డి ముసలామె మాత్రం ఉంది. ఎవురప్పా నువ్వు అని అడిగిందట, అందరూ పొయ్యినారే, ఆలస్యం చేసినావు అందట.

మరుసటి రోజు మధ్యాహ్నం చెన్నూరు నుంచి ఫోనొచ్చింది. మా ఆయన ఎత్తి, కాసేపు విని, నా చేతికిచ్చాడు. "నీకంట" అన్నాడు. ఎవరో పెద్దామె, నా మాటలు ఫోనుల్లో తిరుగుతుంటే విందట. ఇంకా బతికే ఉందట, మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయట. కానీ తన చావు వార్త ముందే చెప్పి పెట్టుకోవచ్చా అని అడిగింది. తప్పకుండా అమ్మా అన్నాను. మా ఆయన నా వైపు కొత్తగా చూసి, ఆటో వెనక నా పేరు రాయించడానికి బోర్డులు రాసే మనిషికి ఫోను చేస్తానన్నాడు. చిన్న అక్షరాలతోనేలే అన్నాడు. పెద్దవే రాయించమన్నాను.

నేను ఫ్యాన్ ఆపి బొంత అందుకునేసరికి అత్త లోపలికొచ్చింది. చీరల అంగడిది మిగిలిపోయింది కదా, అది చెప్పాలి. ఆమె పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. బొంత అంచు చేతిలోకి తీసుకుని కుట్టు మీద వేలు పెట్టి మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపింది. ఒక్కసారీ దగ్గలేదు. దూది ఏకిన చేతులని ఇన్నేండ్లు నేను మామ చేతుల గురించే విన్నాను. ఆమె వేళ్ల కొసలన్నీ సూది పోట్లతో గట్టిపడి ఉండటం పదహారేండ్ల కాపురంలో ఆ రోజే చూశాను.

"మీ మామ కొలతలు తీసుకొచ్చేటోడు, దుడ్లు తీసుకొచ్చేటోడు" అంది. "నాది చెప్పేదానికి నేను చచ్చేదాకా ఆగబాక. ఇప్పుడే చెప్పు. ముందు నా పేరు చెప్పు."

చీరలను రేపటికి పెట్టాను. బొంత రెండో అంచు ఎత్తి పట్టుకుని, లోపలికి రా అత్తా అన్నాను.