అడగకూడని కొమ్మ

ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో మంచు కరిగింది. క్రెసెంజ్ నేలమాళిగలోంచి జెరేనియం పూలకుండీలను పైకి తెచ్చి కొమ్మలు కత్తిరించడం మొదలుపెట్టింది. ఎక్కడ కోసినా లోపల నలుపే. చలికాలమంతా పొడిగా ఉంచాల్సిన మొక్కలకు, దాహమేస్తుందేమో పాపమని, వారానికోసారి నీళ్లు పోసింది. వేళ్లన్నీ కుళ్లిపోయాయి. పెళ్లినాడు వాళ్లమ్మ ఇచ్చిన ముదురెరుపు రకమది. ఊళ్లో ఇంకెవరికీ లేదు.

లేదనే అనుకుంది. అంతలో ఎదురింటి వాల్‌బుర్గా కిటికీలో అదే ఎరుపు మొగ్గ కనిపించింది. గబగబా వీధి దాటింది.

"వదినా, ఆ మొక్క మాదే కదూ?"

"మీదే. నిరుడు నువ్వు చర్చికెళ్లినప్పుడు ఓ కొమ్మ దొంగిలించా. అడిగి తెచ్చుకున్న జెరేనియం బతకదంటారు కదా!" వాల్‌బుర్గా ఏమాత్రం సిగ్గుపడలేదు.

"ఓసి దొంగమొహమా! నావన్నీ నీళ్లెక్కువై పోయాయి. నాకో కొమ్మ..."

"అడక్కు!" వాల్‌బుర్గా చెవులు మూసుకుంది. "అడిగావంటే ఇక వేరు పట్టదు. పొయ్యి మీద పాలున్నాయి, పది లెక్కపెట్టి వస్తా. కత్తి కిటికీ గట్టు మీదుంది. నేనేం చూళ్లేదు."

లోపల లెక్క మొదలైంది. మూడు దగ్గర చాలాసేపు ఆగింది. క్రెసెంజ్ కణుపుల కింద మూడు కొమ్మలు కోసి, ఏప్రన్‌లో దాచుకుని, నవ్వాపుకోలేక పరుగెత్తింది.

వెనకనుంచి వీధంతా వినపడేలా కేక వచ్చింది.

"దొంగ! దొంగ! ఈసారి నీళ్లు తక్కువ పొయ్యవే!"