టైబీరియస్ చెంప మీద గాటు

బస్సు పిడుగురాళ్ల దాటగానే అబిదా హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. గురజాలలో ఎక్కినప్పటి నుంచి చెయ్యి లాగుతూనే ఉంది. జనం మీద పడుతుంటే భయపడి ఆగింది. ఇప్పుడు సగం బస్సు ఖాళీ అయింది, కిటికీలోంచి ఎండ నేరుగా ఒళ్లో పడుతోంది.

కవర్లో ఉన్నది రూపాయి బిళ్ళకంటే చిన్న వెండి నాణెం, పేరు దెనారియస్. రెండు వేల ఏళ్ల కిందట టైబీరియస్ అనే రోము చక్రవర్తి పేరున అచ్చయింది. ఒకవైపు ఆయన తల, రెండోవైపు కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ. ఎనిమిదేళ్ల కిందట హైదరాబాద్‌లో లైసెన్సున్న నాణేల దుకాణంలో తన పెళ్లినాటి పట్టీలిచ్చి తెచ్చుకుంది. బిల్లు ఇప్పటికీ ఉంది. ఆ బిల్లును ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అత్త హజ్రా బీ అయితే వచ్చిన చుట్టాలందరికీ, "మా కోడలు పట్టీలిచ్చి సీసం బిళ్ళ కొనుక్కొచ్చింది, చూస్తారా?" అని చూపించేది.

ఆ మాటకు ఈ రోజు జవాబు దొరుకుతుంది. నరసరావుపేటలో నాణేల ప్రదర్శన పెట్టారు. గ్రేడింగ్ చేసేవాళ్లు హైదరాబాద్ నుంచి మిషన్లతో సహా వచ్చారు. నాణెం అసలుదో నకిలీదో తేలుస్తారు. అచ్చు ఎంత బాగా పడిందో, పైభాగం ఎంత బాగా నిలిచిందో చూసి ఐదేసి మార్కులకు లెక్కగట్టి, గ్రేడు రాసి, గాజులాంటి పెట్టెలో సీలు వేసి ఇస్తారు. అబిదా టోకెన్ పంతొమ్మిది.

ఆమె నాణెం బయటికి తీసి, వెంట తెచ్చుకున్న లెన్స్ కంటికి పెట్టుకుంది. మరుక్షణం లెన్స్ తీసి నాణేన్ని మామూలు కంటితో చూసింది. మళ్లీ లెన్స్ పెట్టింది.

"గాటేది?"

పక్క సీట్లో ఆమె భర్త ఖలందర్ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మీసాల్లో నవ్వాడు.

"కనిపెట్టావా? ఆడికి పోయిందాకా చూసుకోవనుకున్నా."

"ఏం చేశావయ్యా?"

"మూశా. యాడుందో చెప్పు చూద్దాం. చెప్పలేవు!"

టైబీరియస్ చెవి దగ్గర నుంచి చెంప మీదుగా గడ్డం దాకా ఒక లోతైన గాటు ఉండేది. ఎనిమిదేళ్లుగా అబిదా కళ్లు మూసుకుని కూడా దాన్ని గీయగలదు. ఇప్పుడు ఆ చెంప నున్నగా ఉంది.

ముందు సీట్లోంచి హజ్రా బీ వెనక్కి తిరిగింది. కంటి డాక్టరు దగ్గరకని ఆమె కూడా బయలుదేరింది. "నేనే చెప్పానే వాడికి. చెంప మీద కత్తిగాటుతో ఎవురన్నా పెళ్లిచూపులకి పోతారా అని. ఇప్పుడు చూడు, కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు."

గురజాల బజారులో ఖలందర్‌ది వెండి పని కొట్టు. ఎవరైనా పాత మొలతాడో పట్టీలో తెచ్చి లోపల వెండేనా అని అడిగితే, ఉలితో చిన్న గాటు పెట్టి లోపలి తెలుపు చూపిస్తాడు. చూపించాక ఆ గాటు మూసి, అది ఎక్కడ ఉండేదో తెలియకుండా చేసి వస్తువు చేతిలో పెడతాడు. గాటు మూయకుండా ఇవ్వడం పనివాడికి పరువు తక్కువని వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. పాతికేళ్లలో ఒక్క వస్తువు కూడా గాటుతో కొట్టు దాటలేదు. భార్య నాణెం గాటుతో ఊరు దాటబోతుంటే అతనికి నిన్న మనసొప్పలేదు.

"మరమ్మతు చేసిన నాణేనికి వాళ్లు మార్కులెయ్యరు!" అంది అబిదా. గొంతు లేచింది. డ్రైవరు వెనక సీట్లో వాళ్లు కూడా తిరిగి చూశారు. "మరమ్మతు చేసింది అని చీటీ మీద రాసిచ్చి పంపిస్తారు. గ్రేడు ఉండదు. ఇంక జన్మలో ఉండదు!"

ఖలందర్ నవ్వు మీసాల్లోనే ఆగిపోయింది. "నువ్వు మెరుగు పెట్టొద్దన్నావు, పెట్టలా. బ్రష్షు కూడా తగిలించలా. గాటు మూయొద్దని ఎప్పుడన్నా చెప్పావా?"

నిజమే, చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఆమెకు తట్టలేదు.

"దేంతో మూశావు? టంకం వేశావా? మంట చూపించావా?"

"లేదే. మంటకి రంగు మారుద్దని లక్క కరిగించి పోశా. పైన వెండి పొడి అద్దా."

అబిదా కూర్చున్న చోటే ఒక్కసారి ఎగిరింది. "లక్కేనా? లక్కయితే స్పిరిట్‌లో కరుగుద్ది! పోసేముందు గీకావా? లోపల నలుపుండాల, అది ఉంటేనే పాత గాటని తెలిసేది. గీకావా లేదా?"

ఖలందర్ తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు, అది చెబుతుందేమోనని. "టంకానికైతే గీకాల, లక్కకి గీకక్కర్లా. కానీ చేతికి అలవాటు గదా... గీకానేమో. గుర్తులేదే."

నరసరావుపేట బస్టాండులో దిగగానే అబిదా ఎదురుగా ఉన్న మందుల షాపుకు దాదాపు పరిగెత్తింది. స్పిరిట్ సీసా, టూత్‌పిక్‌ల డబ్బా తీసుకుంది. టీ కొట్టువాణ్ణి బతిమాలి ఒక స్టీలు గ్లాసు అడిగి తెచ్చుకుంది. ఆటోలో ప్రదర్శన జరిగే కోటప్పకొండ రోడ్డు కల్యాణ మండపానికి చేరేసరికి పన్నెండో టోకెన్ నడుస్తోంది.

హాల్లో చివరి వరుస ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురూ కూర్చున్నారు. అబిదా స్పిరిట్ పోసి, నాణేన్ని గ్లాసులోకి మెల్లగా జార్చింది.

"రాజుగారికి పొద్దున్నే సారా పోస్తున్నారా?" అంది హజ్రా బీ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. ఎవరూ నవ్వకపోయేసరికి గ్లాసులోకి తొంగి చూసింది. "ఏందో రాలుతోందే!"

వెండి పొడి గ్లాసు అడుగుకు బూడిదలా దిగుతోంది. ఖలందర్ టూత్‌పిక్ అడిగాడు. అబిదా ఇవ్వలేదు. తనే దాంతో మెత్తబడ్డ లక్కను అంచు నుంచి అణువణువుగా కదిపింది. పదిహేను, పదహారు పిలిచారు. స్పిరిట్ ఎర్రబడింది. పద్దెనిమిది పిలిచేసరికి లక్క సన్నటి తొక్కలా ఊడి పైకి తేలింది. గ్లాసులో ఏమీ స్పష్టంగా కనిపించడం లేదు.

"పంతొమ్మిది!"

తుడిచే సమయం లేదు. అబిదా గ్లాసుతోనే వెళ్లింది.

బల్ల వెనక గ్రేడర్ శ్రీదేవి, ముప్పై అయిదేళ్ల మనిషి, చేతులకు గ్లవ్స్ వేసుకుని ఉంది. "ఏంటక్కా, మాకు టీ తెచ్చారా?"

దారంతా సర్దుకున్న మాటలన్నీ పోయి, అబిదా నోట్లోంచి ఉన్నది ఉన్నట్టు వచ్చింది. "మా ఆయన నిన్న దీని గాటు మూశాడమ్మా, లక్కతో. వెండి పని చేస్తాడు, మంచే అనుకున్నాడు. ఇప్పుడు తీశాం. చెప్పకుండా ఇయ్యటం నాకిష్టం లేదు."

శ్రీదేవి పటకారుతో నాణెం పైకి తీసి, ఆరబెట్టి, తూకం వేసింది. మూడు పాయింట్ ఏడు గ్రాములు. తల ఊపి మైక్రోస్కోప్ కింద పెట్టింది. పక్కనున్న తెర మీద టైబీరియస్ ముఖం పళ్లెమంత పెద్దదై వెలిగింది. గాటు ఎండిన కాలవలా ఉంది. కాలవ పై అంచున తళుక్కుమంటూ ఒక గీత.

"ఇది కొత్తది" అంది శ్రీదేవి.

"అది నాదే," అన్నాడు ఖలందర్ వెనక నుంచి, తప్పు ఒప్పుకునే గొంతుతో. "ఒక్కసారి గీకినట్టున్నా."

అబిదా బల్ల అంచు పట్టుకుంది. శ్రీదేవి వెలుగు తిప్పి, లోతుకు ఫోకస్ దించింది. గాటు లోపల, ఆ గీతకు కింద, ఈ చివర నుంచి ఆ చివరకు నల్లగా ఉంది. ముక్కు పక్కన, మెడ కింద ఉన్న నలుపే అక్కడా ఉంది.

"ఉంది!" అబిదా అరిచింది. "నలుపుంది! చూశావా, ఉంది!"

ఖలందర్ తెరకు ముక్కు ఆనించేంత దగ్గరకు వచ్చాడు. భయం పోయి అతనిలో పనివాడు లేచాడు. "మేడమ్, అంచులు చూడండి. అరిగున్నయ్. గాటు పడ్డాక చానా చేతులు మారిందిది. నా గీత చూడండి, కొత్తది, వేలు పెడితే కోసుద్ది. కొట్టినోడు మాంచి పనోడు మేడమ్. ఒకటే దెబ్బ. రెండోది పడలా."

"ఎందుకు కొట్టి ఉంటాడంటారు?" శ్రీదేవి అతని వైపు ఆసక్తిగా తిరిగింది.

"ఎందుకేంది? లోపల రాగుందేమోనని! నేను రోజూ చేసేదదే గదా..." అని ఆగిపోయాడు. తెర వైపు, ఆ గాటు వైపు నోరు తెరిచి చూశాడు.

"అంతే. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగిన దొంగ నాణేలు అప్పుడూ వచ్చేవి. రోము నుంచి వ్యాపారానికి ఇటొచ్చిన నాణేల్ని మనవాళ్లు కోసి చూసి తీసుకునేవాళ్లు. మీది లోపలా వెండే అక్కా. ఆ గాటే చెబుతోంది." ఆమె కంప్యూటర్లో టైపు చేస్తూ పైకే చదివింది. "టైబీరియస్, దెనారియస్, అసలుది. గ్రేడు వెరీ ఫైన్. అచ్చుకు నాలుగు. పైభాగానికి రెండు. పరీక్షించిన పాత గాటు ఉంది. ఆ కొత్త గీత లేకపోతే మూడు వేసేదాన్ని."

ఖలందర్ తల దించుకున్నాడు. అబిదాకు ఆ పోయిన మార్కు వినపడనే లేదు. "ఇంకోసారి చదవమ్మా, మొదటినుంచి" అంది. అత్త భుజం పట్టుకుని ముందుకు లాగింది. "వినండి అమ్మీ, అసలుదంట!"

"వింటున్నాలేవే, నాకు పోయింది కళ్లు, చెవులు కాదు." హజ్రా బీ బల్ల మీదకు వంగింది. "సీసం కాదు, ఒప్పుకున్నాం. మరి మావాడు మూసిన పనికి ఎన్ని మార్కులేస్తావమ్మాయ్?"

శ్రీదేవి గ్లాసులో తేలుతున్న లక్క తొక్కను పటకారుతో ఎత్తి దీపం దగ్గర తిప్పి చూసింది. చెంప వంపు కూడా అందులో ఉంది. "ఐదుకి ఐదు పెద్దమ్మా. మీ కోడలు చెప్పకపోతే మీవాడు చానాసేపు తిప్పలు పెట్టేవాడు నన్ను."

సీలు వేసిన పెట్టె అరగంటలో చేతికొచ్చింది. హాల్లో అప్పటికే మాట పాకింది. సత్తెనపల్లి నుంచి వచ్చిన ఒక స్కూలు మాస్టారు, చీరాల నుంచి వచ్చిన తండ్రీ కూతుళ్లు గాటున్న రోము నాణెం చూస్తామని వచ్చి నిలబడ్డారు. వాళ్ల వెనక ఇంకొందరు.

"డాక్టరు దగ్గరికి పోవాలే," అన్నాడు ఖలందర్. "మళ్లీ మూడున్నర బస్సు..."

"మీ అమ్మని తీసుకుని పో. బస్సులు చానా ఉన్నయ్."

ఆమె అప్పటికే లెన్స్‌ను మాస్టారి చేతిలో పెట్టి, పెట్టెను కిటికీ వెలుగులోకి తిప్పుతోంది.

"ఆ తళుకు కాదండీ, అది నిన్నటిది. దాని కిందకి రండి. ఇంకా లోపలికి. నల్లగా కనపడిందా?"