ఫైల్లో ఉన్న గోడ

మున్సిపల్ ఆఫీసులో ఆయన్ని అందరూ కొలబద్ద అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల మురిసిపోతాడు కూడా. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా, పైన గది లేపినా ఆ ప్లాను ఆయన బల్ల మీదకి రావాల్సిందే. కాగితంలో మెట్టు ఒక్క అంగుళం తగ్గితే చాలు, ఆ ఇంటాయన చెప్పులరిగేలా తిప్పుతాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన విడవనివి రెండే రెండు, ఒకటి ఎర్ర పెన్సిలు, రెండోది కుర్చీ.

అలాంటి మనిషి సొంతానికి ఇల్లు కొంటుంటే ఇంక ఎవరు సలహా ఇవ్వగలరు? భార్య ఇవ్వబోయింది. ఆవిడ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతుంది. అద్దింట్లో చోటు చాలక రెండు విడతలుగా చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. అందుకే ఈ ముప్ఫై ఐదేళ్ల పాత మేడలో అంత పెద్ద హాలు చూడగానే మనసు పారేసుకుంది. కానీ లెక్కల మనిషి కదా, అనుమానం మాత్రం పారేసుకోలేదు.

"ఏవండీ, ఈ వరసలో ఇళ్ళన్నీ ఒకే మేస్త్రి కట్టాడట. పక్కింటి హాలు ఇందులో సగమే ఉంది. ఇదెలా ఇంత పెద్దదైంది?"

"పాతకాలం వాళ్ళది ధారాళమైన చెయ్యి," అన్నాడు కొలబద్ద.

"హాలు మధ్యలో అడ్డంగా ఈ జానెడు పట్టీ ఏంటి? మిగతా నేలంతా ఒక రంగు, ఇదొక రంగు."

"అది డిజైను. నీకు తెలీదులే."

ఆవిడ నోరు మూయించి ఆయన టేపు తీశాడు. ప్రహరీకీ ఇంటికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచాడు, మెట్ల వెడల్పు కొలిచాడు, కిటికీల ఎత్తు కొలిచాడు. హాలు మాత్రం కొలవలేదు. ఆఫీసు ఫారంలో ఆ గడి లేదు.

మర్నాడు రికార్డు గదిలోంచి ఆ ఇంటి ప్లాను తెప్పించుకుని బల్ల మీద పరిచాడు. ముద్రలు ఉండాల్సిన చోట ముద్రలున్నాయి, సంతకాలు ఉండాల్సిన చోట సంతకాలున్నాయి. హాలుకీ నడిమి గదికీ మధ్య లావుపాటి గోడ గీత కూడా చక్కగా, తిన్నగా ఉంది. ఆ గీతని ఆయన మెచ్చుకున్నాడు కూడా. నిన్న ఇంట్లో ఆ గోడని ఎక్కడ చూశానా అన్న ప్రశ్న మాత్రం ఆయన బుర్రలోకి రాలేదు. వస్తే ఆశ్చర్యపోవాలి. ఆయన ఉద్యోగం కాగితాన్ని కాగితంతో సరిచూడటం. కాగితాన్ని ఇటుకతో సరిచూసేవాళ్ళు వేరే ఎవరో ఉంటారని, వాళ్ళ పని వాళ్ళు చేస్తుంటారని ఆయన గట్టి నమ్మకం.

ఇల్లు కొన్నారు. హాల్లో ఇరవై ఇద్దరు పిల్లలు ఒకేసారి కూర్చుని లెక్కలు చేస్తుంటే భార్య ముఖం వెలిగిపోయింది. కొలబద్ద ఆ ఘనత పూర్తిగా తన ఖాతాలో వేసుకున్నాడు.

నాలుగో నెలలో పైగది తలుపు పట్టేసింది. వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టి వెళ్ళాడు. పదిహేను రోజులకి మళ్ళీ పట్టేసింది, మళ్ళీ చిత్రిక పట్టాడు. మూడోసారి వచ్చినవాడు పనిముట్లు సంచీలోంచి తియ్యనైనా తియ్యలేదు.

"తలుపు పెరగట్లేదమ్మా, గుమ్మం దిగుతోంది. మేస్త్రిని పిలిపించండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మేస్త్రి పెద్దవాడు. హాల్లో నిలబడి తలెత్తి చూశాడు. నేల మీద పట్టీకి సరిగ్గా పైన, స్లాబులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేలిగోరు దూరేంత పగులు. వంగి పట్టీని చూశాడు, మళ్ళీ పైకి చూశాడు.

"ఇక్కడి గోడ ఏమైంది సార్?"

"ఏ గోడ?"

"పైగది గోడని మోసే గోడ. హాలు పెద్దది కావాలని ఎవరో తీసేశారు. బీము వెయ్యలేదు, ఏమీ వెయ్యలేదు. ఇన్నాళ్ళు నిలబడటం మీ అదృష్టం."

ఆ మధ్యాహ్నమే హాలు నడుమ, స్లాబుకి ఆనిస్తూ నాలుగు ఇనుప జాకీలు నిలబెట్టాడు. "ఇవి తాత్కాలికం. ఇనుప బీము వేసేదాకా దీని కింద పిల్లల్ని కూర్చోబెట్టకండమ్మా," అన్నాడు. భార్య సాయంత్రం పిల్లల్ని వరండాలో, మెట్ల మీద సర్దింది. తర్వాత మొగుడి టేపు తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్ళింది. కొలబద్దకి పగులు కంటే ఆ టేపుని చూస్తేనే ఎక్కువ భయమేసింది.

భయం పోగొట్టుకోడానికి కోపం తెచ్చుకున్నాడు. అమ్మినవాడి తోలు తీస్తానన్నాడు. తీయొచ్చు కూడా. అనుమతి లేకుండా ఇంట్లో మార్పులు చేసినట్టు ఆఫీసు తేలిస్తే బాగుచేయించే పూచీ అమ్మినవాడిదే అని దస్తావేజులో ఉంది. ఛాతీ విరుచుకుని ఆఫీసుకెళ్ళి, ఈసారి ఫైలు చివరి పేజీ దాకా తిప్పాడు.

చివర్లో, పదకొండేళ్ల కిందట పక్కింటివాళ్ళు రాసిన ఫిర్యాదు ఉంది. 'మా పొరుగువారు హాల్లో గోడ పడగొట్టిస్తున్నారు, దయచేసి వెంటనే వచ్చి చూడండి.' దాని కింద ఎర్ర పెన్సిలుతో, 'స్వయంగా వెళ్ళి పరిశీలించాను. కట్టడం ప్లాను ప్రకారమే ఉన్నది. ఫిర్యాదు మూసివేయడమైనది.' ఆ కింద, తోక మెలితిప్పిన సంతకం. ఆ మెలిక ఊరు మొత్తంలో ఒక్కడికే వస్తుంది.

వెళ్ళినట్టు గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు. వెళ్ళుంటే కదా గుర్తుండటానికి.

తనిఖీలు ఇప్పుడు జూనియర్ చేతిలో ఉన్నాయి. పని నేర్పింది ఈయనే.

"మా ఇంటికొచ్చి ఒకసారి చూడాలయ్యా," అన్నాడు కొలబద్ద.

"మీ ఇంటికి నేను రావడమేంటి సార్? పొద్దున మీరు ఫైలు అడిగినప్పుడే రాసేశాను." జూనియర్ కాగితం అందించాడు. స్వయంగా వెళ్ళి పరిశీలించాను, కట్టడం ప్లాను ప్రకారమే ఉన్నది.

"కానీ గోడ లేదయ్యా."

జూనియర్ గొంతు తగ్గించాడు. "లేదని రాస్తే మీ పాత సంతకం మాటేంటి సార్? ఏడాదిలో రిటైరవుతున్నారు. మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. అయినా, కుర్చీలోంచి కనపడనిది వెళ్తే మాత్రం కనపడుతుందా అని మీరేగా నేర్పారు."

కొలబద్ద కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గుపడాల్సిన చోట ఆయనకి హాయిగా ఊపిరాడింది. ఇంటికెళ్ళేదాకా ఆడుతూనే ఉంది.

భార్య కాగితం చదివింది. లేని గోడని ఉందని ఎలా రాశారని అడిగి, ఆయన నీళ్ళు నములుతుంటే ఆగి, పాత ఫిర్యాదుతో సహా మొత్తం చెప్పించుకుంది. తర్వాత లేచి, నాలుగు జాకీల్లో రెండింటికి మధ్య, సరిగ్గా పగులు కింద, ఆయన కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి."

"ఇక్కడెందుకు?"

"ఇక్కడ గోడ ఉందని మీ ఆఫీసే రాసిచ్చింది కదా. రేపట్నుంచి పిల్లలు మళ్ళీ ఇక్కడే కూర్చుంటారు. ముందు మీరు కూర్చుని చూపించండి."

కూర్చున్నాడు. కుర్చీలో కూర్చోవడం ఆయనకి వచ్చిన విద్యే. కానీ తల దానంతటదే పైకి లేచింది, భుజాలు దగ్గరికొచ్చాయి. నాలుగు నెలలపాటు ఇరవై రెండు తలలు ఇక్కడే పుస్తకాల మీద వంగి ఉన్నాయన్న సంగతి అప్పుడు తట్టింది. నిమిషం కూడా కాకుండానే లేచి వరండాలోకి వచ్చేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కాగితం అడిగాడు. భార్య ట్యూషన్ నోటుపుస్తకంలోంచి ఒకటి చింపి ఇచ్చింది. జేబులోని ఎర్ర పెన్సిలుతో రాశాడు. 'పదకొండేళ్ల కిందట నేను ఈ ఇంటికి రాలేదు. గోడ పడగొడుతున్నారని పొరుగువారు రాసింది నిజం. చూశానని నేను రాసింది అబద్ధం.'

"ఇది పంపితే నా ఉద్యోగం పోవచ్చు," అన్నాడు.

ఆవిడ పెన్ను మూత తీసి చేతికిచ్చింది. వెళ్ళి చూడకుండానే వేల కాగితాల మీద సంతకం గీకిన మనిషి, ఆ మూడు వాక్యాలనీ మూడుసార్లు చదువుకున్నాడు. చివరికి సంతకం పెట్టాడు. మెలిక రాలేదు.

"తేదీ కూడా వెయ్యండి," అంది భార్య.