తలుపు మీది కన్నం

ఇలా దగ్గరికి జరగండి, దూరంగా కూర్చుంటే సగం కథ గాలికే పోతుంది. తాడుపిన్ని అప్పటికే మేడమీద చాప పరుచుకుని, నేలలోని చెక్కమూత పక్కకి నెట్టి, బోర్లా పడుకుని కిందికి చూస్తోంది. వీధి తలుపు ముందు పాలమనిషి నడినెత్తి, దాని మీద నూనె మెరుపు. పిన్ని తాడు లాగింది. కింద అడ్డగడియ లేచింది.

ఆమె పని అంతే. చిన్నప్పుడు ఆ షావుకారి ఇంటికి వంటసాయానికి వచ్చింది. అప్పటిదాకా తాడు లాగే షావుకారి తల్లికి మోకాళ్లు పట్టేసిన ఏడాది ఆ కన్నం దగ్గర కూర్చోబెట్టారు. ఇక అక్కడే ఉండిపోయింది.

కన్నం పెట్టించింది షావుకారి తాత. బట్టల వ్యాపారి. బేరానికి వచ్చినట్టు వచ్చి దొంగలు ఒకసారి కొట్టంతా ఊడ్చుకుపోయారు. ఆ దెబ్బకి ఇల్లు పడగొట్టించి మళ్లీ కట్టించాడు. వీధి వైపు కిటికీ అన్నదే లేదు, గోడలు మంచమంత మందం. ముందు కొట్టు, వెనక సరుకుల గది, నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ చెక్కడపు స్తంభాలు, స్తంభాల మీద మేడ. ఆ మేడ గుమ్మం మీదికి మూరెడు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ మూరలోనే కన్నం. వచ్చిందెవరో పైనుంచి చూసి తాడు లాగితేనే తలుపు.

అందుకే పిన్నికి ఊళ్లో ఎవరి మొహమూ సరిగ్గా తెలియదు. తెలిసినవన్నీ నెత్తులే. డాక్టరుగారు చెవి పక్క వెంట్రుకలు తెచ్చి బట్టతల మీద కప్పుకుంటాడన్న సంగతి ఆయన భార్య తర్వాత ఈమెకే తెలుసు.

తలెత్తి చూసేవాడు ఒక్కడే, చిన్నషావుకారు. నడినెత్తిన రెండు సుడులు. అన్నదమ్ములు విడిపోయింది ఆ నడుమ మండువా దగ్గరే. తన వాటాకి అడ్డంగా గోడ లేపుతానన్నాడు తమ్ముడు. "ఆకాశానికి కూడా ఇటుకలు పేరుస్తావట్రా?" అన్నాడు అన్న. మాటకి మాట పెరిగి తమ్ముడు బయటికి నడిచాడు. వాడొస్తే తాడు ముట్టుకోవద్దని అన్న హుకుం. ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చాడు. పైకి చూసి, "పిన్నీ, నేనే" అనేవాడు. ఆమె మూత వేసేసేది. వేశాక ఆ పూట అన్నం దిగేది కాదు. ఏళ్లు గడిచాక అతను రావడం మానేశాడు.

ఇప్పుడు పెద్దషావుకారు కింది గదిలో మంచం పట్టాడు. మాటకీ మాటకీ నడుమ ఊపిరి వెతుక్కుంటున్నాడు. తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలన్నాడు. కబురు వెళ్లింది. పాలు పోయించుకున్నాక కోడలు మెట్లెక్కి వచ్చింది.

"పిన్నీ, డాక్టరుగారికీ చిన్నమామయ్యకీ తప్ప ఎవరికీ తియ్యకు. మన చెక్కడపు స్తంభాలు కొనుక్కుపోదామని బేరమాడే రాబందులు అప్పుడే వాసన పట్టేశాయి."

"నాకు చెప్పాలా అమ్మాయీ? ఆ రెండు సుడులూ నిద్రలో కూడా గుర్తుపడతాను."

"అదే వద్దంటున్నా. నిద్రపోకు."

కోడలు దిగిందో లేదో, రంగు వేసిన నెత్తి ఒకటి వచ్చి నిలబడింది. "నేనేనమ్మా, తెలిసినవాణ్ణే!"

"తెలిసినవాడివైతే వచ్చిన దారీ తెలిసే ఉంటుంది. వెళ్లు."

ఎండెక్కింది. చాప ఈనెలు చెంప మీద అచ్చు పడ్డాయి. మెడ నొప్పి పుడుతున్నా పిన్ని కన్నం మీదనుంచి కన్ను తియ్యలేదు, ఇన్నేళ్లకి ఆ రెండు సుడుల తలకి తాడు లాగే భాగ్యం దొరికిందని.

ఇంకో తల వచ్చింది. వెంట్రుక లేని గుండు, మీద గోధుమరంగు మచ్చలు. నడుం వంగిపోయిన మనిషి. పైకి చూడలేదు. మెల్లిగా తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"నేనే." గొంతు పీలగా ఉంది.

"పొద్దున్నుంచీ అందరూ ‘నేనే’లే! ఈ ఇంటికి నువ్వేమవుతావయ్యా?"

ఆ తల కదల్లేదు. చెయ్యి ఒకటి తలుపు చెక్క మీద నెమ్మదిగా పాకింది, పశువు మెడ నిమిరినట్టు.

"ఏమీ కానులే," అన్నాడు చివరికి.

"మరింకేం, దారి చూసుకో." మూత వేసింది.

కింద షావుకారి గొంతు, "తలుపు... వాడేనా?"

"ఎవరు పిన్నీ?" కోడలు కేకేసింది.

"ఎవడో బేరగాడు, గుండువాడు!"

కాసేపటికి డాక్టరుగారి కప్పుకున్న జుట్టు కనిపించింది. తాడు లాగింది. ఆయన లోపలికి వస్తూనే అంటున్న మాట పైకి వినిపించింది. "చిన్నషావుకారు అప్పుడే వెళ్లిపోతున్నారేంటమ్మా? సందు చివర ఎదురయ్యారు. పలకరిస్తే పలకలేదు. ఇంత ఎండలో వట్టికాళ్లతో..."

పిన్ని చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. కోడలు వీధిలోకి పరుగెత్తింది. పెద్ద రోడ్డు దాకా వెళ్లి, రొప్పుతూ ఒక్కతే తిరిగొచ్చింది. అప్పటికి డాక్టరుగారు షావుకారి చేతిని దుప్పటి మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పోయినాయన మొహం తలుపు వైపే ఉంది.

"నీకు కనిపించలేదా పిన్నీ?" మెట్ల కిందనుంచి అడిగింది కోడలు.

"కనిపించాడమ్మా. సుడులు లేవు. అడగరాని మాట అడిగాను."

కోడలు తిరిగి మామగారి గదిలోకి వెళ్లిపోయింది. రెండు తిట్లు తిట్టి ఉంటే పిన్నికి కాస్త నయంగా ఉండేది.

గోడ పట్టుకుని మెట్లు దిగి, తెరిచే ఉన్న తలుపు దాటి ఆమె బయటికి వచ్చింది. అక్కడ, కన్నంలోంచి చూపు అందని గోడవారన, చెప్పులున్నాయి.

ఈ కథ గుర్తుంచుకోండి, రేపు మీ పిల్లలకి చెప్పండి. ఇల్లు ఎంత పెద్దదో మరిచిపోయినా ఫరవాలేదు, ఆ చెప్పుల దగ్గర మాత్రం కాసేపు ఆగండి. అరిగిపోయిన పాత తోలు చెప్పులు, లోపలికి వెళ్లబోయే మనిషి విడిచినట్టే, ఒకదాని పక్కన ఒకటి సర్ది, దుమ్ము దులిపి, గుమ్మం వైపు తిప్పి ఉన్నాయి.